48 ఏళ్లకి మళ్లీ సరళీ స్వరాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 48. హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లలిద్దరూ చదువులకని ఊరు దాటారు. పదేళ్లప్పుడు మొదలుపెట్టి నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, గీతాల (మొదట నేర్పే చిన్న పాటల) దగ్గర ఆపేశారు. క్లాసుల వల్ల గొంతు బొంగురుగా ఉందని కూడా ఒక మాట అన్నారు. ఇప్పుడు గొంతు లొంగుతుందా, ఎన్నేళ్లు పడుతుంది, ఆన్‌లైన్‌లో కుదురుతుందా, అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ల సంగతేంటి అని అడిగారు. కచేరీలు చేయాలని లేదు, "పాడగలిగే మనిషిని కావాలి" అన్నారు.

గొంతు లొంగుతుంది. పెద్దవయసులో చేరినవాళ్లని ఆపేది చాలావరకు గొంతు కాదు, చెవి. మీ చెవికి 48 ఏళ్లు. పాట విషయంలో మీ గొంతుకి మాత్రం ఇంకా పధ్నాలుగే. ఈ ముప్ఫై నాలుగేళ్లూ మీరు రేడియోలో, కచేరీల్లో, పెళ్లిళ్లలో, ఫోనులో మంచి పాట వింటూనే ఉన్నారు, చెవి ఎదుగుతూనే ఉంది. గొంతు ఆగిన చోటే ఉండిపోయింది. పిల్లలకి ఈ బాధ ఉండదు, వాళ్ల చెవీ గొంతూ కలిసే పెరుగుతాయి. తప్పు పాడినా తప్పని వాళ్లకి వినపడదు కాబట్టి హాయిగా పాడేస్తారు. మీకు ప్రతి తప్పూ వినపడుతుంది. మొదటి రెండు నెలల్లో మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు, "నా గొంతు పనికిరాదు" అనుకుని. నిజానికి తప్పు వినపడటమే మీ చేతిలో ఉన్న పెట్టుబడి. చెవి బాగా లేనివాళ్లకి నేర్పడం చాలా కష్టం.

ముందు "పాడగలిగే మనిషి" అంటే ఏమిటో కొలతకి దొరికేలా చెప్పుకుందాం. తంబురా పెట్టుకుని స, ప, పై స పట్టుకుంటే ఒక్కో స్వరం మీద ఎనిమిది సెకన్లు జారకుండా నిలవాలి. చేత్తో తాళం వేస్తూ పాడుతుంటే, కష్టమైన చోట చెయ్యి ఆగకూడదు. ఒక కీర్తనని పుస్తకం చూడకుండా రెండుసార్లు పాడితే రెండుసార్లూ ఒకేలా రావాలి. ఈ మూడూ వస్తే మీరు పాడగలిగే మనిషే. రోజుకి అరగంట, వారానికి ఆరు రోజుల లెక్కన రెండేళ్లు పెట్టుకోండి. చిన్నప్పటి పునాది ఉంది కాబట్టి ఆరు నెలలు తగ్గొచ్చు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకొంచెం దూరపు గురి కావాలంటే త్యాగరాజ ఆరాధన ఉంది. పుష్య బహుళ పంచమి నాడు గోష్ఠిలో కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో త్యాగరాజు కట్టిన పంచరత్న కీర్తనలు అయిదూ అందరితో కలిసి పాడటం నాలుగైదేళ్ల పని. (వరాళి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకి చెడుతుందని ఒక నమ్మకం ఉంది. మీ గురువుగారు ఆ ఒక్కటి "విని పట్టుకోండి" అంటే తప్పించుకుంటున్నారనుకోవద్దు.)

శ్రుతి

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. శ్రుతి అంటే మీ "స" ని నిలిపే ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. చిన్నప్పుడు మీ టీచరుగారు అయిదు శ్రుతో అయిదున్నరో పెట్టి ఉంటారు. ఆడపిల్లలకి అది మామూలే. ఇప్పుడూ అదే పెట్టుకుంటే పై షడ్జం (పై స) దగ్గర గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలతాయి, నెల తిరక్కుండా గొంతు బొంగురుపోతుంది. నడివయసులో, ముఖ్యంగా నెలసరి ఆగే రోజుల్లో, ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. అది జబ్బు కాదు, గొంతు చెడిపోవడమూ కాదు. శ్రుతి దింపుకోవడంలో నామోషీ అక్కర్లేదు. ఎం.డి. రామనాథన్ గారి పాట వినండి, ఎంత కింది శ్రుతిలో, ఎంత నిదానంగా ఉంటుందో. డి.కె. పట్టమ్మాళ్ గారిదీ లోతైన గొంతే.

మీ శ్రుతి తేల్చుకునే పద్ధతి చెబుతాను. నిద్ర లేవగానే చూడొద్దు, అప్పుడు గొంతు ఉన్నదానికంటే కిందికి పలుకుతుంది. లేచి, కాఫీ అయి, గంటో గంటన్నరో మాట్లాడాక చూడండి. తంబురా నాలుగు శ్రుతికి పెట్టండి. మధ్య షడ్జం నుంచి కిందికి స ని ద ప పాడండి. మంద్ర పంచమం (కింది స్థాయి ప) నాదంతో పలకాలి, వట్టి గాలిలా రాకూడదు. తర్వాత పైకి వెళ్లి తార స్థాయిలో (పై స్థాయిలో) స రి గ అనండి. గాంధారం దగ్గర కనుబొమ్మలు, గడ్డం కదలకూడదు, అద్దంలో చూసుకోండి. కింది పంచమం అందకపోతే అర శ్రుతి పెంచండి, పై గాంధారం బిగుసుకుంటే అర తగ్గించండి. (మూడుకీ నాలుగుకీ మధ్య అర ఉండదు, కీబోర్డు మీద ఆ రెండు తెల్లమెట్లూ పక్కపక్కనే ఉంటాయి.) మూడు రోజులు వరసగా చూసి, రెండు రోజులు ఎక్కడ కుదిరిందో అక్కడ ఆగండి. మీ వయసు ఆడవాళ్లకి సాధారణంగా మూడుకీ నాలుగున్నరకీ మధ్య కుదురుతుంది. ఇది చదువుతున్న మగవాళ్లెవరైనా ఉంటే ఒకటి శ్రుతి దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. తేల్చుకున్నాక ఆరు నెలలు కదపొద్దు. ఈరోజు జలుబని అర తగ్గించి, రేపు హుషారుగా ఉందని అర పెంచితే గొంతుకి షడ్జం ఎక్కడో ఎప్పటికీ తెలియదు.

తంబురాకి ఫోనులో యాప్ చాలు. ఎలక్ట్రానిక్ తంబురా ఇప్పుడే కొనొద్దు. ఫోను స్పీకరులో మాత్రం వినొద్దు, అందులో కింది షడ్జం పలకదు, పైన గీసినట్టు ఒక జీర మాత్రం వస్తుంది. చిన్న బ్లూటూత్ స్పీకరు ఒకటి పెట్టుకోండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరైతే ఒక చెవికే పెట్టుకోండి, రెండూ మూస్తే మీ గొంతు మీకు వినపడక గట్టిగా పాడతారు. హార్మోనియం పక్కన పెట్టుకుని సాధకం చేయడం నాకు ఇష్టం లేదు. మెట్టు నొక్కగానే స్వరం తయారుగా వస్తుంది, గొంతు దాన్ని వెతుక్కునే పని మానేస్తుంది.

మొదటి మూడు వారాలు

సరళీ స్వరాల (స రి గ మ లతో మొదటి పాఠాల) జోలికి వెళ్లొద్దు. స, మంద్ర ప, పై ప, ఈ మూడే. తంబురా పెట్టుకుని ఒక నిమిషం ఊరికే వినండి. నాలుగు తీగలు: ప, స, స, కింది స. కింది షడ్జం మోగి అణుగుతున్నప్పుడు దానిలోంచి ఇంకో స్వరం సన్నగా తేలుతుంది. అది గాంధారం, అంతర గాంధారం. ఎవరూ మీటని స్వరం, తీగ తనంతట తాను పలుకుతుంది. స్వయంభూ గాంధారమని పెద్దలు దాన్నే అంటారు. మొదట్లో వినపడకపోవచ్చు, వారం పదిరోజుల్లో వినపడుతుంది. వినపడిన రోజు నుంచి మీ "గ" తప్పడం సగం తగ్గిపోతుంది, ఎందుకంటే ఎక్కడికి చేరాలో అది ముందే చెబుతుంటుంది.

తర్వాత షడ్జం అందుకోండి. "స" అని మొదలుపెట్టి ఆకారంలో ("ఆ" అంటూ) నిలపండి. ఎనిమిది సెకన్లు. గట్టిగా వద్దు, పక్కగదిలో ఉన్నవాళ్లతో మాట్లాడేంత చాలు. శ్రుతిలో కలిసిందా లేదా ఎలా తెలుస్తుందంటే, కలిసినప్పుడు మీ గొంతు తంబురాలో మునిగిపోతుంది, మీకే సరిగ్గా వినపడదు. కలవనప్పుడు రెంటి మధ్య ఒక ఊపు, వణుకులాంటిది, వినపడుతుంది. దగ్గరపడే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలవగానే ఆగిపోతుంది. ట్యూనర్ యాప్‌లు వాడేవాళ్లున్నారు. వారానికి ఒకసారి పరీక్షకి సరే. రోజూ దాని ముల్లు చూస్తూ పాడితే చెవి చేయాల్సిన పని కళ్లు చేస్తాయి.

మంద్ర పంచమం దగ్గర ఓపిక కావాలి. మన వాళ్లు తెల్లవారుజామున మంద్రస్థాయి సాధకం చేయించడానికి కారణం ఉంది. అప్పుడు గొంతు సహజంగానే కింద ఉంటుంది, కింది స్వరాలకి బలంతో పని లేదు. బలం లేకుండా నాదం తీయడం అలవాటైతే పై స్థాయి దానంతటదే తెరుచుకుంటుంది. పై స్థాయి కోసం పైనే కుస్తీ పట్టేవాళ్లకి రెండూ పోతాయి.

మాయామాళవగౌళలో ఎక్కడ తప్పుతుంది

నాలుగో వారం నుంచి సరళీ స్వరాలు. "అవి వచ్చు కదా" అనుకోవద్దు. మీకు నోటికి వచ్చు, గొంతుకి రావు. ఈ పాఠాల వరస ఏర్పరచిన పురందరదాసు నాటి నుంచీ అవి మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకున్నాయో ఒకసారి మెట్లు లెక్కపెడితే తెలుస్తుంది. స నుంచి రి ఒక మెట్టు, రి నుంచి గ మూడు, గ నుంచి మ ఒకటి. మ నుంచి ప రెండు. మళ్లీ ప-ద ఒకటి, ద-ని మూడు, ని-స ఒకటి. కింది సగం, పై సగం అచ్చు ఒకటే. గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం) గొడవ తక్కువ.

పెద్దవాళ్లు తప్పేది రి, ద ల దగ్గర. సినిమా పాటలు, శంకరాభరణం లాంటి రాగాలు విని విని ఉన్న చెవికి పెద్ద రిషభం అలవాటు. అందుకని "రి" ఒక మెట్టు పైకి జారుతుంది, ద కూడా అంతే. ముఖ్యంగా దిగేటప్పుడు స ని ద ప లో ని తర్వాత మూడు మెట్లు దూకాలి, గొంతు రెండే దూకి ఆగుతుంది. దీనికి మందు: "స రి స" ఒక్కటే పది సార్లు, రి మీద నాలుగు సెకన్లు నిలిచి. రి షడ్జాన్ని రాసుకుంటున్నట్టు, ఇరుకుగా, కాస్త ఇబ్బందిగా వినపడాలి. విశాలంగా, హాయిగా వినపడిందంటే అది ఈ రాగపు రిషభం కాదు. అదే పని "ప ద ప" మీద. ఆ తర్వాతే మొత్తం వరస.

తాళం మొదటి రోజు నుంచే. ఆది తాళం మీకు గుర్తుండే ఉంటుంది: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు.

స రి గ మ | ప ద | ని స ||
స ని ద ప | మ గ | రి స ||

మెట్రోనోమ్ (తాళానికి టిక్కుటిక్కుమని కొట్టే యాప్) నిమిషానికి 50 దగ్గర మొదలుపెట్టండి, ఒకటో కాలం మాత్రమే, అంటే చేతి ఒక్కో లెక్కకి (అక్షరానికి) ఒక స్వరం. పది రోజుల తర్వాత 60కి పెంచి రెండో కాలం కలపండి. 60 దగ్గర లెక్క తేలిక: అక్షరానికి ఒక సెకను. పై వరసలో 16 స్వరాలు, ఒకటో కాలంలో ఒకసారికి 16 సెకన్లు. అదే వ్యవధిలో రెండో కాలం రెండుసార్లు, మూడో కాలం నాలుగుసార్లు. మూడు కాలాలూ కలిపి 48 సెకన్లు. ఈ 48 సెకన్లలో చెయ్యి వేగం మారకూడదు, గొంతు వేగమే మారాలి. పెద్దవాళ్లలో నూటికి తొంభై మంది అనొచ్చు, మూడో కాలంలోకి రాగానే చెయ్యి కూడా పరిగెత్తుతుంది. చెయ్యి పరిగెత్తితే రెండో కాలం ఇంకా రాలేదన్నమాట, వెనక్కి వెళ్లండి. మూడో కాలం నాలుగో నెల దాకా అసలు వద్దని నా సలహా.

ప్రతి వరసా స్వరాలతో పాడాక ఆకారంలో పాడాలి. ఇది చాలామంది ఎగ్గొడతారు. "గ" అనేటప్పుడు నోరే సగం సాయం చేస్తుంది, హల్లు తట్టుకుని స్వరం ఎలాగో దొరుకుతుంది. ఆకారంలో ఆ ఊతకర్ర ఉండదు, శ్రుతి తప్పితే బట్టబయలు. ఆకారంలో ప్రతి స్వరం ముందు చిన్న "హ" వినపడుతుంటే (ఆ-హా-హా అని) గాలి వృథా అవుతోంది, వేగం తగ్గించండి.

సరళీ వరసలు 14 ఉంటాయి. మొదటి ఏడూ పక్కాగా వస్తే మిగతావి త్వరగా అవుతాయి. ఆ తర్వాత జంట స్వరాల దగ్గర మళ్లీ ఆగండి. సస రిరి గగ మమ: జంటలో రెండో స్వరానికి ఒత్తు. ఆ ఒత్తు పొట్ట దగ్గర నుంచి రావాలి, గొంతుతో కొట్టకూడదు. బొడ్డు మీద అరచెయ్యి పెట్టుకుని చూడండి, రెండో స్వరానికి చెయ్యి కొంచెం కదలాలి. గొంతుతో కొడుతుంటే అయిదు నిమిషాలకే దగ్గు వస్తుంది. రేపటి గమకాలకి ఈ జంటలే పునాది, అందుకే రెండు నెలలు పట్టినా నష్టం లేదు. దాటు స్వరాలు, హెచ్చుస్థాయి వరసలు మీ గురువుగారు చూసుకుంటారు.

అలంకారాలు (ఏడు తాళాల్లో కట్టిన స్వర వరసలు) ఏడూ మీకు ఇష్టమవుతాయి, లెక్కల టీచరు కదా. ధ్రువ 14, మఠ్య 10, రూపక 6, ఝంపె 10, త్రిపుట 7, అట 14, ఏక 4 అక్షరాలు. ఝంపె, మఠ్య రెండూ పదే అయినా ఒకటి 7+1+2, ఇంకొకటి 4+2+4. రెండూ ఒకదాని వెంట ఒకటి పాడి చూడండి, పదిని రెండు రకాలుగా విరిస్తే నడక ఎంత మారుతుందో వంటికి తెలుస్తుంది. స్కూలుకి వెళ్లే బస్సులో ఇంకోటి చేయొచ్చు: తొడ మీద దెబ్బలు వేస్తూ, దెబ్బకి నాలుగు మాత్రల చొప్పున, నోట్లో "తకిట తకిట" అనుకోండి. మూడుకీ నాలుగుకీ క.సా.గు. పన్నెండు. మూడు దెబ్బలు దాటగానే "త" మళ్లీ దెబ్బ మీద పడుతుంది. గొంతు అక్కర్లేని సాధకం.

ఇక్కడే ఒక హెచ్చరిక. మీలాంటి వాళ్లకి శాస్త్రం బాగా రుచిస్తుంది. 72 మేళకర్తలు (మూల రాగాలు), కటపయాది సూత్రం (రాగం పేరులో మొదటి రెండక్షరాలతో దాని సంఖ్య చెప్పే లెక్క: మా అంటే 5, యా అంటే 1, తిప్పితే 15, మాయామాళవగౌళ పదిహేనో మేళం), ఇవన్నీ ఒక వారంలో వచ్చేస్తాయి. అది వచ్చిన వారం ఏదో సాధించినట్టు ఉంటుంది, సాధకం మాత్రం సగానికి పడిపోతుంది. తల ఇంకా ముందుకి పోయి, గొంతు ఇంకా వెనకబడుతుంది. శాస్త్రం చదవండి, కానీ సాధకం అరగంటలోంచి దానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వొద్దు.

పాట ఎప్పుడు

సంప్రదాయం ప్రకారం స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆపైన కృతి. పిల్లలకి ఈ వరస మార్చకూడదంటాను. పెద్దవాళ్లకి మార్చాలి. పిల్లల్ని అమ్మ చెయ్యి పట్టుకుని క్లాసుకి తీసుకెళ్తుంది, మిమ్మల్ని తీసుకెళ్లేది మీ ఇష్టం ఒక్కటే. దానికి తిండి పెట్టాలి. అయిదో నెలలో ఒక చిన్న కీర్తన మొదలుపెట్టించమని అడగండి. త్యాగరాజ స్వామి దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో తేలిక నడకవి చాలా ఉన్నాయి. భజనకని కట్టినవి, చరణాలన్నీ ఒకే ధాతువులో (ఒకే బాణీలో) వెళ్తాయి. తెలుగువాళ్లకి ఇంకో సౌకర్యం, సాహిత్యం అర్థం తెలిసి పాడతాం, పదం ఎక్కడ విరవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నమయ్య కావాలంటే నేదునూరి కృష్ణమూర్తి గారు స్వరపరచినవి వినండి. అయితే వాటిలో కొన్ని రాగభావం నిండిన బరువైనవి, రెండో ఏడు దాకా వినడానికే ఉంచండి.

ఒకటే పాట. రెండు నెలలు అదే. ఇక్కడ జరిగే పొరపాటు, రికార్డింగుతో కలిసి పాడటం. కలిసి పాడుతున్నంతసేపూ రికార్డులోని విద్వాంసుల శ్రుతే మీ చెవిలో ఉంటుంది, మీదే అనుకుంటారు. ఆపి పాడితే ఏమీ ఉండదు. పాటలో ఒక సంగతి (ఒక పంక్తిని పాడే ఒక్కో తీరు) వినండి, ఆపండి, తంబురాతో మీరు పాడండి. మళ్లీ వినండి. పైగా బాలమురళీకృష్ణ గారిలా మూడు స్థాయిల్లో తిరిగే గొంతుని అనుకరించబోతే గొంతు పట్టేస్తుంది. మీ శ్రుతికి దగ్గరగా పాడినవాళ్లని ఎంచుకోండి.

గీతాల దాకా వచ్చాక మలహరి రాగంలోని పిళ్ళారి గీతాలు మళ్లీ పాడతారు. అప్పుడు మీ పధ్నాలుగో ఏటి తప్పులు కూడా పదిలంగా బయటికొస్తాయి. చిన్నప్పుడు పడిన తప్పు చాలా మొండిది. దాన్ని సవరించే కంటే, అదే గీతాన్ని సగం వేగంలో, సాహిత్యం లేకుండా స్వరాలతో కొత్త పాఠంలా నేర్చుకోవడమే తేలిక.

రికార్డింగు

వారానికి ఒకసారి, ఆదివారమనుకోండి, ఒకే వరస, ఒకే శ్రుతి, ఫోను ఒకే దూరంలో (మూడు అడుగులు) పెట్టి రికార్డు చేయండి. మొదటిసారి విన్నప్పుడు "ఇది నా గొంతేనా" అనిపిస్తుంది. అందరికీ అంతే. మన గొంతు మనకి గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినపడుతుంది, అందుకని లోపల గంభీరంగా ఉంటుంది. రికార్డులో ఆ ఎముక భాగం ఉండదు, పలచగా పీలగా వస్తుంది. లోకం వినేది ఆ పీలగొంతునే, పదిసార్లు వింటే అలవాటవుతుంది. ఆ రోజే తీర్పు చెప్పుకోవద్దు. విని, తేదీ రాసి పక్కన పెట్టండి. ఆరో వారానిది, మొదటి వారానిది పక్కపక్కన వింటేనే లాభం. వారం వారం పోలిస్తే తేడా తెలియక నీరసం వస్తుంది.

మీ గొంతు టీచరు గొంతు

దీన్ని మీరు ప్రశ్నలో ఒక్క మాటలో దాటేశారు గానీ, నా దృష్టిలో ఇదే పెద్ద విషయం. రోజుకి అయిదారు పీరియడ్లు అరవై మంది పిల్లల మీద అరిచిన గొంతుతో సాయంత్రం సాధకం చేయడం, మ్యాచ్ ఆడి వచ్చి పరుగు పందెం పెట్టుకోవడమే. సాధకం పొద్దునే. సాయంత్రం వినడం, తాళం, రాసుకోవడం మాత్రమే.

స్కూలు నుంచి రాగానే ఒక పని చేయండి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచి, దాంట్లోంచి "ఊ" అని నాదం ఊదండి, బుడగలు రావాలి. రెండు మూడు నిమిషాలు, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మెల్లగా. నీటి ఎదురుఒత్తిడి వల్ల స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కదులుతాయి, అలసట దిగుతుంది. పొద్దున సాధకం ముందూ ఇదే చేయొచ్చు.

గొంతు పోయిన రోజు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, చాలామందికి అది ఇంకా శ్రమ. మౌనంగా ఉండండి, లేదా మెల్లగా మామూలుగా మాట్లాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానుకోండి, బదులుగా ఒక గుక్క నీళ్లు మింగండి. పాడే ముందు గటగటా తాగిన నీళ్లు స్వరతంత్రుల మీద పడవు, అవి వెళ్లే దారి వేరు. రోజంతా కొద్దికొద్దిగా తాగినదే పనికొస్తుంది. రాత్రి ఆలస్యంగా తిని పడుకుంటే పులితేన్పులు గొంతు దాకా వచ్చి పొద్దుటికి బొంగురు చేస్తాయి, తినడానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచుకోండి. బొంగురు మూడు వారాలు దాటి ఉంటే సాధకం ఆపి చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించండి. టీచర్లలో స్వరతంత్రుల మీద కాయలు కట్టడం అరుదు కాదు. అవి ఉండగా సాధకం చేస్తే పుండు మీద మిరపకాయ నూరినట్టే. మీరు ఇప్పటికే "బొంగురుగా ఉంది" అన్నారు, ఎంత కాలంగానో చెప్పలేదు. ఆ మూడు వారాలు దాటి ఉంటే గురువుగారి కంటే ముందు డాక్టరు.

గురువు, ఆన్‌లైన్

గురువు కావాలి. ఒంటరిగా నేర్చుకుంటే తాళం వస్తుంది, సాహిత్యం వస్తుంది, గొంతు ఎక్కడ బిగుస్తోందో మాత్రం తెలియదు. మీ ఊళ్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంటే సాయంత్రం క్లాసులున్నాయేమో కనుక్కోండి. ఇంటి దగ్గర గురువైతే పిల్లల బ్యాచిలో కూర్చోబెట్టకుండా విడిగా వారానికి ఒక్క నలభై నిమిషాలు ఇస్తారేమో అడగండి. పిల్లల వేగం మీకు కుదరదు, మీ ప్రశ్నలు వాళ్లకి కుదరవు. గురువుని ఎంచుకోవడానికి నా కొలత ఒకటే: మొదటి క్లాసులో మీ శ్రుతి వెతకడానికి కనీసం పది నిమిషాలు పెట్టారా, లేక తమ శ్రుతిలోనే పాడమన్నారా.

ఆన్‌లైన్ కుదురుతుంది, రెండు సంగతులు తెలుసుకుంటే. ఒకటి, కలిసి పాడటం కుదరదు. మాట అటు చేరడానికి పట్టే ఆలస్యం వల్ల ఇద్దరి తాళం ఎప్పుడూ కలవదు. గురువుగారు పాడాలి, ఆగాలి, మీరు పాడాలి. రెండు, కాల్ యాప్‌లు తంబురాని ఫ్యాను చప్పుడనుకుని కోసేస్తాయి, దీర్ఘంగా పట్టిన షడ్జాన్ని కూడా మధ్యలో మింగేస్తాయి. జూమ్‌లో ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్" అని ఉంటుంది, ఇద్దరూ అది ఆన్ చేసుకోవాలి. తంబురా మీ వైపు వేరే ఫోనులో మోగాలి. వారి తంబురా కాల్‌లో వింటూ పాడటం వద్దు. కుదిరితే నెలకి ఒక్కసారైనా ఎదురుగా కూర్చోండి, భుజాలు, దవడ చూడటం తెర మీద కుదరదు.

రోజూ ఎలా

అరగంటని ఇలా విడదీయండి: మూడు నిమిషాలు స్ట్రా, అయిదు నిమిషాలు మంద్రస్థాయి, పన్నెండు నిమిషాలు ఆ వారపు వరస, ఏడు నిమిషాలు పాట (పాట మొదలయ్యే దాకా పాత వరసలు), మూడు నిమిషాలు కళ్లు మూసుకుని వినడం. ఆరు రోజులు అరగంట చొప్పున చేసింది ఆదివారం మూడు గంటల కంటే చాలా ఎక్కువ. పేపర్లు దిద్దే నెలలో అరగంట దొరకదు, అప్పుడు ఎనిమిది నిమిషాలు చేయండి, స్ట్రా, మంద్రం మాత్రమే. సున్నా మాత్రం వద్దు. పెళ్లిళ్లు, ప్రయాణాలతో పది రోజులు పోతే, ఆపిన పాఠం నుంచి కాకుండా రెండు పాఠాలు వెనక నుంచి అందుకోండి. ఆపిన చోటే అందుకుంటే అది రాదు, రాకపోతే మనసు విరుగుతుంది, ఆ విరిగిన వారంలోనే మానేస్తారు.

మొదటి ఏడాది బంధువులకి చెప్పొద్దు. మీరు నేర్చుకుంటున్నారని తెలిస్తే ప్రతి పేరంటంలోనూ "ఏదీ, ఒక పాట పాడు వదినా" అంటారు. శ్రుతి లేకుండా, తాంబూలాల హడావుడిలో, తయారవని పాట పాడి, పాడిన తర్వాత వారం రోజులు బాధపడతారు. పిల్లలు వీడియో తీసి స్టేటస్ పెట్టకుండా ముందే మాట తీసుకోండి.

పక్కవాళ్ల సంగతి. పొద్దున అయిదున్నరకి మంద్రస్థాయి సాధకం తలుపు వేసుకుంటే గది దాటదు, ఆ సమయానికి అందరూ పెట్టుకునే మిక్సీ దానికంటే పెద్ద చప్పుడు. బట్టల బీరువా, పరుపు ఉన్న గది ఎంచుకోండి, అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. పక్క ఫ్లాటుతో ఉమ్మడి గోడ లేని వైపు కూర్చోండి. బాత్‌రూంలో పాడొద్దు. అక్కడి ప్రతిధ్వని ఎవరి గొంతునైనా తియ్యగా చేస్తుంది, శ్రుతి తప్పుల్ని దాచేస్తుంది. స్పీకరుని గోడకి ఆనించొద్దు, తంబురా కింది షడ్జం గోడలోంచి పక్కింటికి వెళ్లేది అలాగే. స్టూలు మీద, కింద మడిచిన తువ్వాలు వేసి పెట్టండి. పై స్థాయి వరసలు మాత్రం ఏడు దాటాక, వాళ్లు కూడా లేచాక.